మెడికల్ టెంటులో నేను చెప్పిన మాట

మా ఊరు ఉద్దానంలో. కొబ్బరి తోటలు, జీడి తోటలు, రాత్రి గాలి ఇటు తిరిగితే సముద్రం హోరు. మా వీధిలో పదకొండు గడపలుంటే నాలుగు గడపల్లో ఆర్మీలోనో నేవీలోనో చేసినవాళ్లున్నారు. మా మావయ్య హవల్దార్‌గా రిటైరయ్యి వచ్చాడు. ఆయన నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో రాసిన సర్వీసు నంబరు నాకు ఆరేళ్లప్పుడే కంఠతా వచ్చేసింది. అది చూసి మావయ్య, "ఈ గుంటడు ఫౌజీ అయిపోతాడర్రా" అన్నాడట. ఆ మాట నేను మర్చిపోలేదు. నాతో ఎవరేమన్నా నేను మర్చిపోను. అది నా తీరు.

నాకు మాటలు నాలుగేళ్లకు గానీ రాలేదని అమ్మ చెబుతుంది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే నేను పెరట్లో కొబ్బరి డొక్కలు పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస పేర్చుకుంటూ కూర్చునేవాణ్ణట. బడిలో మాస్టార్లు "కళ్లలోకి చూసి మాట్లాడరా" అని గడ్డం పట్టుకుని తల ఎత్తేవారు. కళ్లలోకి చూస్తే నాకు ఎదుటివాళ్ల మాట వినిపించదు. మాట వినాలంటే నేలకేసి చూడాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను. ఊళ్లో నన్ను మొండోడు అన్నారు, అదో రకం అన్నారు. ఇంట్లో మాత్రం ఏమీ అనలేదు. నాన్నా నాలాగే తక్కువ మాట్లాడే మనిషి.

2021లో డిగ్రీలో చేరగానే ఎన్‌సీసీలో పేరిచ్చాను. నా జీవితంలో మొదటిసారి ఎలా నిలబడాలో, చేతులెక్కడ పెట్టుకోవాలో, ఎటు చూడాలో ఒకరు స్పష్టంగా చెప్పారు. "సావధాన్" అంటే మడమలు కలపాలి, పిడికిళ్లు బిగించి తొడలకు ఆనించాలి, చూపు నేరుగా ముందుకే ఉండాలి. ఎవరి కళ్లలోకీ చూడక్కర్లేదు. చూస్తేనే తప్పు! పద్దెనిమిదేళ్లుగా నా మీద ఉన్న బరువేదో ఆ ఒక్క ఆజ్ఞతో దిగిపోయినట్టయింది. అడుగు 30 అంగుళాలు ఉండాలన్నారు. ఇంటికొచ్చి పెరట్లో సున్నంతో గీతలు గీసుకుని, కళ్లు మూసుకున్నా 30 అంగుళాలే పడేదాకా నడిచాను. ఇప్పటికీ నా అడుగు అంతే.

అక్కడ నాకు కష్టమైంది డ్రిల్లు కాదు, ఎండ కాదు, రైఫిల్ కూడా కాదు. పాయింట్ టూ టూ రైఫిల్‌తో బోర్లా పడుకుని కాల్చేటప్పుడు శబ్దం ఎప్పుడొస్తుందో నాకు ముందే తెలుస్తుంది. తెలిసిన శబ్దం నన్నేమీ చెయ్యదు. పది రోజుల క్యాంపులో భోజనాల హాలు మాత్రం భరించలేకపోయాను. వందల మంది క్యాడెట్లు, సిమెంటు గచ్చు మీద స్టీలు కంచాలు, ఒకేసారి పది వైపుల నుంచి కేకలు. చెవుల్లో దూది పెట్టుకుని గబగబా నాలుగు ముద్దలు మింగి బయటపడేవాణ్ణి.

రెండో ఏడు క్యాంపులో ఒక రాత్రి నా గార్డ్ డ్యూటీ రెండు గంటలకని చెప్పి, పన్నెండున్నరకే వచ్చి లేపారు. ఆ రోజు పగలంతా వాన, ప్రోగ్రాం అప్పటికే మూడుసార్లు మారింది. లేచాను, బూట్లు వేసుకున్నాను, ఒక లేసు కట్టాను. రెండో లేసు దగ్గర ఆగిపోయాను. చెయ్యి కదల్లేదు, నోరు పెగల్లేదు. ఎవరు పిలుస్తున్నారో వినిపిస్తూనే ఉంది, పలకలేకపోయాను. తెల్లారేదాకా ఆ లేసు పట్టుకుని అలాగే కూర్చున్నానని తర్వాత చెప్పారు. మా ఎన్‌సీసీ సారు కాలేజీలో లెక్చరరే. తిట్టలేదు. నాన్నకు ఫోన్ చేసి, "బాబును ఒకసారి మంచి డాక్టరుకు చూపించండి, భయం కాదది, ఇంకేదో ఉంది" అన్నారు. ఆయన ఆ రోజు నన్ను పిరికివాడనుకుని ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

2023లో విశాఖలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరకు మూడుసార్లు వెళ్లాం. అమ్మను నా చిన్నతనం గురించి గంటసేపు అడిగారు. ఐసా అని మన దేశంలో ఆటిజం కొలవడానికి వాడే స్కేలు ఉంది. అందులో 40 అంశాలు. 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు, 106 వరకూ స్వల్ప స్థాయి అంటారు. నాకు 82 వచ్చింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. అమ్మ బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చింది. నాకు మాత్రం, పాఠం ఏదో చివరికి అర్థమైనట్టు తేలిగ్గా ఉంది.

ఇంటికొచ్చి రూల్సు చదవడం మొదలుపెట్టాను. ఎవరైనా ఈ దారిలో ఉంటే ఈ పని పరుగు మొదలుపెట్టక ముందే చెయ్యండి. నేను రెండేళ్లు ఆలస్యంగా చేశాను. సైన్యంలో నాలుగేళ్లకు చేర్చుకునే అగ్నివీర్ నోటిఫికేషన్‌లో ఎత్తు, ఛాతీ, చూపు, పళ్లు గురించి అందరం చదువుతాం. అక్కడే దృఢమైన శరీరంతో పాటు మంచి మానసిక ఆరోగ్యం ఉండాలన్న మాట కూడా ఉంటుంది. దాని మీద ఎవరి కన్నూ ఆగదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. కానీ యూనిఫాంలో పోరాడే ఉద్యోగాలకు ఆ చట్టంలోని ఉద్యోగ నిబంధనల నుంచి ప్రభుత్వం మినహాయింపు ఇచ్చుకుంది. అంటే నా కాగితం అక్కడ నాకు రక్షణ కాదు, అడ్డంకి.

మావయ్యకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కాగితాలు చింపీ. నీ మొహం మీదేటి రాసుందా? పరిగెట్టు, బీమ్ కొట్టు, ఎవుడడుగుతాడు?" అన్నాడు. బీమ్ అంటే కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఒంటిని పైకి లాగడం. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఆయన భర్తీ అయిన రోజుల్లో ఊరంతా అలాగే చేసేవారు. నాన్న ఒక్క మాటే అడిగాడు: "వాళ్లు అడిగితే నువ్వు అబద్ధం చెప్పగలవా?" చెప్పలేను. అది గొప్పదనం కాదు. అబద్ధం చెప్పాలంటే ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించాలి, నాకు అది చేతకాదు. పైగా ఆర్మీ చట్టం సెక్షన్ 44 చూశాను. భర్తీ ఫారంలో తెలిసి తప్పుడు జవాబిస్తే ఐదేళ్ల వరకూ జైలు. అడగకపోతే ఊరుకుంటాను, అడిగితే ఉన్నది చెబుతాను. అలా అనుకుని అప్లై చేశాను.

2024 ఏప్రిల్ చివర్లో సీఈఈ, అంటే అగ్నివీర్ భర్తీ రాతపరీక్ష, రాశాను. గంటలో యాభై ప్రశ్నలు. హాలు నిశ్శబ్దంగా ఉంది, ఎవరి కంప్యూటరు వాళ్లది, నాకు అంతకంటే మంచి చోటు లేదు. పాసయ్యాను.

పరుగు, మెడికల్ జరిగే భర్తీ ర్యాలీ విశాఖలో. మావయ్య తోడు వచ్చాడు. పలాస నుంచి బస్సెక్కాక ఆయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎలా ఊపిరి తీసుకోవాలి, మొదటి రౌండు ఎంతలో కొట్టాలి, ఆయన రోజుల్లో ఎలా ఉండేది... ప్రేమతోనే. శ్రీకాకుళం దాటేసరికి నా తలలో ఆ మాటలూ ఇంజను మోతా కలిసిపోయి కడుపులో తిప్పేసింది. కండక్టరును బతిమాలి బస్సు ఆపించి దిగి వాంతి చేసుకున్నాను. మావయ్య బెంగపడి, భయం వేస్తోందా అని ఇంకా ఎక్కువ మాట్లాడాడు.

పరుగు తెల్లవారకముందే. ఫ్లడ్ లైట్లు, విజిళ్లు, బారికేడ్ల వెనక కేకలు. చెవుల్లో దూది పెట్టుకున్నాను. 1.6 కిలోమీటర్లు అప్పట్లో ఐదున్నర నిమిషాల్లోపు కొడితే 60 మార్కులు, 5.45 లోపు అయితే 48. పక్కవాళ్లను చూడలేదు. నా అడుగులు లెక్కపెట్టుకున్నాను. 5 నిమిషాల 21 సెకన్లు. బీమ్ పది కొడితే 40, పదీ కొట్టాను. తొమ్మిదడుగుల గుంట దూకాను, జిగ్‌జాగ్ నడిచాను. నా చేతి మీద స్టాంపు వేశారు. గేటు బయట మావయ్య నన్ను ఎత్తేశాడు. నన్ను ఎవరైనా పట్టుకుంటే ఒళ్లు బిగుసుకుపోతుంది నాకు. ఆ పూట బిగుసుకోలేదు.

తర్వాత అడాప్టబిలిటీ టెస్టు. మన ఫోన్‌లోనే పెడతారు. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య, కష్టమైన పరిస్థితుల్లో సర్దుకోగలమా లేదా అన్నది చూడటానికి. నాకు నిజంగా గుండె జారింది అక్కడ. ఉన్నదున్నట్టు పెట్టాను. అదీ గట్టెక్కింది.

మెడికల్ టెంటులో వరసలో నిలబెట్టి ఒక్కొక్కరినీ చూస్తున్నారు. మోకాళ్లు, పాదాలు, చెవులు, పళ్లు. నా వంతు వచ్చింది. డాక్టరు మేజర్ సాబ్ కాగితం మీద నుంచి తలెత్తకుండానే, అందరినీ అడిగినట్టే అడిగారు: "కోయీ బీమారీ? కభీ ఇలాజ్ హువా?" ఏదైనా జబ్బుందా, ఎప్పుడైనా వైద్యం చేయించుకున్నావా అని. నా ముందున్న కుర్రాళ్లందరూ "నహీ సర్" అని అర సెకనులో కదిలిపోయారు. ఆయన వెనక టెంటు గుడ్డకు ఒక కుట్టు ఊడి ఉంది. ఆ కుట్టునే చూస్తూ చెప్పాను: "సర్, ముఝే ఆటిజం హై. దో హజార్ తేయీస్ మే డాక్టర్ నే బతాయా." నాకు ఆటిజం ఉందని, 2023లో డాక్టరు చెప్పారని.

పెన్ను ఆగింది. నా వెనకాల వరస కూడా ఆగింది. "చెప్పమని నీకు ఎవరన్నా చెప్పారా?" అని హిందీలోనే అడిగారు. లేదన్నాను. నా రన్నింగ్ టైము చూశారు, బీమ్ చూశారు, మళ్లీ నన్ను చూశారు. "కాగజ్ హై?" ఉందన్నాను. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చుకున్నాను. చదివి, అన్‌ఫిట్ అని రాసి, సైనిక ఆసుపత్రిలో స్పెషలిస్టును కలవడానికి చీటీ ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఆయన లేచి నిలబడ్డారు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. మావయ్యే చెప్పాడు తర్వాత.

స్పెషలిస్టు నలభై నిమిషాలు మాట్లాడారు. గది చిన్నది, ఫ్యాన్ కట్టేయమంటే కట్టేశారు. క్యాంపులో లేసు పట్టుకుని కూర్చున్న రాత్రి గురించి అడిగారు. చెప్పాను. "సరిహద్దు పోస్టులో ఆ రాత్రి వస్తే నీ పక్కన ఉన్నవాడు ఏమవుతాడు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అన్‌ఫిట్ అలాగే ఉండిపోయింది.

ఆయన అడిగింది సరైన ప్రశ్నే. కానీ అది నన్ను అడగాల్సిన ప్రశ్న, ఆటిజం అనే పేరును కాదు. నన్ను ఆయన అడిగారు. చాలామందిని అలా కూర్చోబెట్టి అడిగేవాళ్లుండరు, పేరు చూసి పంపేస్తారు. సైన్యమంటే సరిహద్దు పోస్టు ఒక్కటే కాదు కదా. ఇజ్రాయెల్‌లో అందరికీ సైన్యం తప్పనిసరి అయినా ఆటిజం ఉన్నవాళ్లకు మినహాయింపు. అయినా మేం వస్తామన్న కుర్రాళ్ల కోసం 2013లో రోయిమ్ రహోక్ అని ఒక కార్యక్రమం పెట్టారు. నెలల తరబడి శిక్షణ ఇచ్చి, ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో చిన్న తేడాలు పట్టే పనిలో కూర్చోబెడతారు. అమెరికాలో కూడా ఆటిజం అనర్హతల జాబితాలోనే ఉంది, కానీ మినహాయింపు ఇమ్మని అడుక్కునే దారి ఒకటి ఉంచారు. మన దగ్గర ఆ చిన్న తలుపైనా ఉండాలి. మూడు గంటలు ఒకే ఫోటో చూడమంటే చూసే కుర్రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు, అంతే.

నాలుగు నెలలు ఇంట్లోంచి కదల్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేసేది, పరుగు టైము అది. లేచి ఏం చెయ్యాలో తెలియక పెరట్లో గీతల మీద నడిచేవాణ్ణి. అమ్మ లైటు వేయకుండా గుమ్మంలో కూర్చుని చూసేది. దీని గురించి ఇంకేమీ రాయలేను.

రక్షణ శాఖలో యూనిఫాం లేని ఉద్యోగాలున్నాయని చెప్పింది మా ఎన్‌సీసీ సారే. డిపోల్లో స్టోర్సు, గుమాస్తా పనులు. అవి సివిలియన్ పోస్టులు, అక్కడ దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంటుంది. ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన లోపం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలు అన్నీ కలిపి అందులో 1 శాతం. పోస్టు మన కేటగిరీకి తగినదని నోటిఫికేషన్‌లో గుర్తించి ఉండాలి, అది ముందు చూసుకోండి. సదరం సర్టిఫికెట్ కావాలి. స్లాటు కోసం ఎదురు చూశాం, బోర్డు ముందు మళ్లీ అవే ప్రశ్నలు, మళ్లీ అమ్మ నా చిన్నతనం అంతా చెప్పడం. ఈసారి ఏడవలేదు. కొబ్బరి డొక్కల సంగతి చెప్పేటప్పుడు నవ్వింది కూడా.

ఏ కాగితం నాకు తలుపు మూసిందో అదే కాగితం జత చేసి అప్లై చేశాను. పరీక్ష రాశాను. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు రమ్మని వచ్చే నెల తేదీ ఇచ్చారు. సికింద్రాబాదు దాకా రాత్రి ప్రయాణం. మావయ్య తోడు వస్తానన్నాడు. రమ్మన్నాను గానీ, దారిలో మాట్లాడొద్దని ముందే చెప్పాను.

"మాటాడన్లే," అన్నాడు. కాసేపాగి, "దూది నాన్తెస్తాన్లే," అన్నాడు.