పిడికిలి విప్పడం

ఇంగ్లండులో ఫిజియోథెరపిస్టుగా నా పనంతా పక్షవాతం వచ్చినవాళ్ల చేతులతోనే. మా వార్డులో వేళ్లకు కసరత్తు చేయించే రోబో ఒకటుంది. మనిషి బొమ్మలాగా ఏమీ ఉండదు. బల్ల మీద ఒక పెట్టె, దానికి అయిదు జారుడు పట్టాలు. వేలి కొసలకు చిన్న అయస్కాంతం బిళ్లలు టేపుతో అంటిస్తాం. అవి పట్టాలకు టక్కున అతుక్కుంటాయి.

దాంట్లో నాకు బాగా నచ్చేది, అది ఆగడం. తొందరపడి వేలు లాగేయదు. ఎదురుగా తెర మీద ఆట నడుస్తుంటే, వేలు విప్పాలని పేషెంటే ముందు పూనుకోవాలి. కంటికి ఆనని కదలికనైనా అది పసిగట్టి, మిగిలిన దూరం సాయం పడుతుంది. మెదడు కొత్త దారి వేసుకునేది అలా పూనుకోవడంలోనే. అందులోనూ పిడికిలి మూయడం తొందరగానే వస్తుంది. విప్పడమే గగనం.

పోయిన చలికాలం మా నాయనకు కుడిచెయ్యి పడిపోయింది. కావలి దగ్గర మా ఊరు. పొద్దున పొలం నుంచి వచ్చి కాఫీ గ్లాసు పట్టుకోబోతే జారిపోయిందంట. పావురం రక్తం పూసి, సాయంత్రానికి గానీ నెల్లూరు చేర్చలేదు. స్కానులో రక్తం గడ్డే అని తేలితే, దాన్ని కరిగించే ఇంజెక్షను మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పడాలి. ఇక్కడ అందరికీ చెప్పే నేను ఆ మాట మా ఇంట్లో ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నిద్ర పట్టదు.

ఆస్పత్రివాళ్లు నడిపించి ఇంటికి పంపారు గానీ, చేతి సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు దొరికిన సెలవు పదిరోజులు. "ఈ చెయ్యి ఇంక నాది గాదు పాపా" అన్నాడు నాయన. ఆ మిషను ఇక్కడికి తెచ్చేదానికి కాదా అని అమ్మ అడిగింది.

ఖరీదు ఒక్కటే అయితే అప్పయినా చేసేదాన్నేమో. బ్రిటన్‌లో 770 మందితో చేసిన పరీక్ష 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వారానికి 3 రోజులు, 45 నిమిషాల చొప్పున 12 వారాలు రోబోతో చేయించినా, మామూలు వైద్యం అందినవాళ్లకన్నా చేతి పనితనం మెరుగుపడలేదు. చదివినప్పుడు మనసు చివుక్కుమంది. నా వార్డులో చూసింది చెబుతున్నా: పట్టా మీద వేలు కదలడం వేరు, చొక్కా గుండీ పెట్టుకోవడం వేరు. రెండోది విడిగా నేర్పాల్సిందే.

అందుకే చేటలో శెనక్కాయలు పోయించా. ఒక్కో కాయ తీసి రేకు డబ్బాలో వెయ్యాలి. "పట్టుకోవడం కాదు నాయనా, వదలడం మీద పెట్టు మనసు." మా వదినకు మాత్రం గట్టిగా చెప్పా: "చెయ్యి లాగొద్దు వదినా. మామ మొదలుపెట్టిందాకా ఆగు. చివర్లో నీ వేలు కాస్త ఆనించు, చాలు."

సెలవు అయిపోయి ఇంగ్లండు తిరిగొచ్చా. మధ్యాహ్నం ఒంటిగంటకు నా భోజనం వేళ, అక్కడ సాయంత్రం ఆరున్నర. అన్నం డబ్బా పక్కన ఫోను ఆనించి చూసేదాన్ని. మూడు వారాలు కాయ వేళ్లలోనే ఇరుక్కుని ఉండేది. వదిన ఆగేది, నేనూ ఆగేదాన్ని. ఒకరోజు డబ్బాలో టంగుమని మోగింది.

"ఇనపడిందా పాపా?"

ఇప్పుడు రోజుకు నలభై కాయలు వేస్తున్నాడు. బొటనవేలు ఇంకా సరిగా రాలేదు, చేపల పులుసన్నం స్పూనుతోనే తింటున్నాడు. వచ్చే సోమవారం నుంచి చింతగింజలు పెట్టమని వదినకు చెప్పా.