మొరాకో పుదీనా టీ, ఏడో ప్రయత్నం: నురగ నిలవడం లేదు

నిన్న రాత్రి కూడా అదే వరస. రుచి కుదిరింది, రంగు కుదిరింది, ఇల్లంతా పుదీనా ఘుమఘుమ. గ్లాసులో నురగ మాత్రం ఎనిమిది సెకన్లకే పోయింది. మొరాకోలో ఆ నురగని రెజ్జా అంటారు, అంటే తలపాగా. అది లేకపోతే టీ సరిగ్గా పోసినట్టు కాదు.

కొలతలివి: నీళ్లు 500 మి.లీ., 3505 రకం గన్‌పౌడర్ (చిన్న ఉండలుగా చుట్టిన చైనా గ్రీన్ టీ ఆకు) 8 గ్రా., పంచదార 40 గ్రా., పుదీనా చిన్న కట్ట. ఆకుని కడిగిన తొలి నీళ్లని రూహ్ (ప్రాణం) అని పక్కన దాచుకుంటారు కదా, నేనూ దాచాను. రెండో కడుగే పారబోశాను.

పది అంగుళాల ఎత్తు నుంచి పోస్తే నురగ 3 మి.మీ. వచ్చింది. పద్దెనిమిదికి 6 మి.మీ. రెండడుగులకి గట్టంతా చిందింది తప్ప నురగ పెరగలేదు. అంటే లోపం ఎత్తులో లేదు.

మొదట పంచదారని అనుమానించాను. 60 గ్రా. వేస్తే పదిహేను సెకన్లు నిలిచింది. తర్వాత గ్లాసులు. రోజూ మజ్జిగ తాగేవి అవే, జిడ్డు తగిలితే నురగ చచ్చిపోతుంది. చింతపండుతో తోమి వేడినీళ్లతో కడిగాక ఇరవై అయిదు సెకన్లు!

ఇక మిగిలింది కొమ్ము. నా స్టీలు కెటిల్ మూతి వెడల్పు, ధార పలకగా పడుతుంది. వాళ్ల టీ కెటిల్ బెర్రాద్‌కి ఉండేది వంపు తిరిగిన సన్నటి కొమ్ము. అమ్మ అటక మీద నుంచి నా చిన్నప్పటి ఉగ్గుగిన్నె తీసిచ్చి "దీంతో పోసి చూడరా" అంది. గుడ్డతో పట్టుకుని పోశాను. దారంలా సన్నటి ధార, ఆవగింజంత బుడగలు, నలభై సెకన్లు! పట్టేది 50 మి.లీ. మాత్రమే, అయినా దొంగ దొరికినట్టే.

ఈ టీ అక్కడ మరీ పాతదేం కాదు. 18వ శతాబ్దంలో సుల్తాను కొలువుకి కానుకలుగా వచ్చేది. క్రిమియా యుద్ధం (1853-56) వల్ల బాల్టిక్ మార్కెట్లు మూతపడితే, బ్రిటిష్ వర్తకులు తమ చైనా టీని టాంజియర్, మొగడార్ రేవుల్లో దించి అమ్మారు. జనానికి బాగా అలవాటైంది అప్పటినుంచే. ఆకు చైనాది, పుదీనా వాళ్ల పెరటిది. అందుకే పుదీనా ఫ్లేవర్ టీ బ్యాగులంటే నాకు గిట్టదు. వాటిలో ఉండేది పొడి, ఈ టీకి ఉండచుట్టిన ఆకే కావాలి. బెల్లంతో ఒకసారి చేశాను, పుదీనా వాసన పూర్తిగా అణిగిపోయింది.

సన్న కొమ్ము బెర్రాద్, అర లీటరుది, తెప్పిస్తున్నాను. నీళ్లు, ఆకు, ఎత్తు ఏవీ మార్చను, కొమ్ము ఒక్కటే మారుతుంది. చలికాలంలో వాళ్లు పుదీనాకి బదులు షీబా అనే చేదాకు వేస్తారు. మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రికి అది దగ్గరి చుట్టం. నురగ నిమిషం నిలిచిన రోజున షీబా కోసం వెతకడం మొదలుపెడతాను.