కోటిపల్లి లైను మాడ్యూల్: ఇప్పటిదాకా జరిగిన పని, ఫొటోల్లో దొరికిన తప్పులు

ఇది మోడల్ రైల్వే మాడ్యూల్, అంటే ఒక బోర్డు మీద కట్టే బుల్లి రైలు దృశ్యం. బోర్డు 1200 మి.మీ. పొడవు, 400 మి.మీ. వెడల్పు. స్కేలు హెచ్‌వో, అంటే 1:87, అసలు కొలతలో 87వ వంతు. కాకినాడ–కోటిపల్లి లైను వాతావరణం దించడమే ఉద్దేశం కాబట్టి ఇది ఏ ఒక్క స్టేషనుకీ అచ్చమైన నకలు కాదు. 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేసి, 2004లో మళ్లీ తెరిచిన 45 కిలోమీటర్ల లైను అది. అందులో రైలుబస్సు తిరిగిన రోజుల్ని తీసుకున్నాం. ఒకటే పెట్టె, పైన కరెంటు తీగలు లేవు, పక్కన కాలువ, అవతల వరి, గట్టు మీద కొబ్బరిచెట్లు. చిన్న బోర్డుకి ఇంతకంటే ఒదిగే లైను దొరకదు.

ట్రాక్, వైరింగ్, కంకర పూర్తయ్యాయి. కాలువకి మొదటి పొర పోశాం. తొమ్మిది కొబ్బరిచెట్లలో నాలుగు నిలబడ్డాయి, వరి సగం మడికి నాటడం అయింది. ప్రతి దశలోనూ పట్టా ఎత్తులో ఫోన్ పెట్టి ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసి చూశాకే జిగురు పోయాలన్నది ఈ బోర్డుకి పెట్టుకున్న నియమం. పైనుంచి చూసినప్పుడు కనపడని వంకర కింది నుంచి తీసిన ఫొటోలో ఇట్టే కనపడుతుంది. కంకర ఆరిపోయాక బయటపడితే పట్టా పీకడం తప్ప దారి లేదు.

గేజి (రెండు పట్టాల మధ్య దూరం) సంగతి ముందే తేల్చుకోవాలి. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ., 1:87లో అది 19.3 అవుతుంది. బజారులో దొరికే హెచ్‌వో ట్రాక్ 16.5, అది 1435 మి.మీ. గేజికి లెక్క. 19.3కి చేత్తో ట్రాక్ వేయొచ్చు, కానీ అప్పుడు ప్రతి ఇరుసూ మార్చాలి. రైలుబస్సు కింద పెట్టేది కొన్న మోటారు చాసిస్ కాబట్టి 16.5 ఉంచేశాం. పట్టాల మధ్య నుంచి ఎదురుగా ఫొటో తీస్తే మాత్రం పెట్టె వెడల్పుకి ట్రాక్ సన్నగా తేలిపోతుంది. పక్కకి జరిగి 30–40 డిగ్రీల వాలులో తీస్తే ఆ తేడా పట్టుకోవడం కష్టం. స్లీపర్ల వరస కూడా చూసుకోవాలి. కిలోమీటరుకి 1660 స్లీపర్ల లెక్కన మోడల్లో 6.9 మి.మీ.కి ఒకటి పడాలి. ఫ్లెక్సీ ట్రాక్ (వంచడానికి వీలైన రెడీమేడ్ ట్రాక్) అడుగున స్లీపర్లని కలిపే సన్న ప్లాస్టిక్ ముక్కలు కోస్తే స్లీపర్లు జరుగుతాయి. ఆ తర్వాత గోధుమరంగు మీద లేత సిమెంటు రంగు, పట్టా పక్కలకి తుప్పు రంగు.

బోర్డు 12 మి.మీ. ప్లైవుడ్. డెల్టా తేమకి దాన్ని రెండు వైపులా, అంచులతో సహా రెండు కోట్లు ప్రైమరు వేసి మూసెయ్యాలి. పై వైపు ఒక్కటే వేస్తే అడుగు తేమ పీల్చుకుని బోర్డు వంగిపోతుంది. పట్టాల సందుల విషయంలో చాలామంది ఎండకి ఇనుము సాగడం గురించే ఆలోచిస్తారు. 914 మి.మీ. పట్టా 15 డిగ్రీల తేడాకి సాగేది 0.2 మి.మీ. మాత్రమే. అసలు కదలిక కింది చెక్కది. వానల్లో ఉబ్బిన బోర్డు మీద సందు లేకుండా పట్టా బిగిస్తే, వేసవిలో చెక్క ముడుచుకున్నప్పుడు పట్టా పక్కకి వంపు తిరుగుతుంది. కొలతకి పాత ఏటీఎం కార్డు చాలు. దాని మందం 0.76 మి.మీ. జాయినర్లో (రెండు పట్టా ముక్కల్ని కలిపే లోహపు తొడుగు) రెండు పట్టాల మధ్య కార్డు నిలబెట్టి మేకులు కొట్టి, తర్వాత లాగేయాలి. ఆ జాయినర్ మీద కరెంటు భారం పెట్టకూడదు. తేమకి లోపల చిలుము పట్టి ఆర్నెల్లలో ఇంజను ఆగి ఆగి నడుస్తుంది. ప్రతి పట్టా ముక్కకీ విడిగా వైరు సోల్డర్ చేశాం: మెయిన్ 1.5, దాన్నుంచి పట్టాకి 0.5 చదరపు మి.మీ.

కంకర దగ్గర గోదావరి ఇసుక ఊరిస్తుంది, ఉచితంగా దొరుకుతుంది కదా. వాడొద్దు. గింజ గుండ్రంగా ఉంటుంది, మైకా తళుక్కుమంటుంది, ఎంత బూడిద రంగు కొట్టినా ఫొటోలో ఇసుకగానే కనపడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు అందులోని నల్ల రేణువులు. అవి అయస్కాంతానికి అంటుకుంటాయి. జిగురు నుంచి ఒక్కటి ఊడినా మోటారులోకి పోయి పళ్లచక్రాన్ని అరగదీస్తుంది. క్రషర్ డస్టు సరైన సరుకు, గింజకి పదునైన అంచులుంటాయి. రైల్వే కంకర పెద్దగింజ 65 మి.మీ. అంటే మోడల్లో 0.75. కాబట్టి 0.75 జల్లెడలో దిగి 0.4 జల్లెడలో ఆగినది కంకరకి, 0.4లో దిగిపోయిన పొడి ఊరి రోడ్డుకి. దీన్ని కూడా పాలిథిన్ కవరులో చుట్టిన అయస్కాంతంతో మూడుసార్లు కెలికాకే వాడాలి. కవరు విప్పి దులిపితే నల్లపొడి ఎంత రాలుతుందో చూస్తే ఈ శ్రమ ఎందుకో అర్థమవుతుంది.

పరిచాక మెత్తటి బ్రష్షుతో స్లీపర్ల మీద గింజలు దించి, అప్పుడు కింది నుంచి ఫొటో. స్లీపరు మీద మిగిలిన ఒక మి.మీ. గింజ అసలు లైను మీద 87 మి.మీ. బండరాయి. అలాంటివి పదిహేడు కనపడ్డాయి, సన్న పట్టకారుతో ఏరేశాం. జిగురు: ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు రెండు పాళ్లు, 100 మి.లీ.కి రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి పొగమంచులా కొట్టాలి. ఆ తడి లేకపోతే జిగురు చుక్క ముత్యంలా నిలబడి, దొర్లుతూ కంకరని గుంటలు చేస్తుంది. వానాకాలంలో ఆరడానికి 48 గంటలు.

కొబ్బరిచెట్లు. కొన్నవి 60–80 మి.మీ. ఎత్తుంటాయి, అంటే అసలు లెక్కలో ఐదు నుంచి ఏడు మీటర్లు. రైలుబస్సు పక్కన పెడితే పెరటి మొక్కల్లా ఉన్నాయి. ముదురు చెట్టు 15 మీటర్లనుకుంటే 172 మి.మీ. రావాలి. అందుకని 140 నుంచి 200 దాకా రకరకాల ఎత్తుల్లో చేస్తున్నాం. కాండానికి లోపల 1.5 చదరపు మి.మీ. రాగి తీగ, దాని మీద ఫెవికాల్ పూసి మందపాటి కుట్టుదారం వరసగా చుట్టాలి. పైన 3 మి.మీ., మొదలు దగ్గర 6 మి.మీ. మందం. దారం చుట్లే మట్ట రాలిన గాట్లలా కనపడతాయి. బూడిద రంగు పల్చగా కొట్టి, పొడి బ్రష్షుతో తెలుపు తాకిస్తే ఆ గీతలు లేస్తాయి. మట్ట 50 మి.మీ. పొడవు. సన్న తీగ మీద 100 జీఎస్ఎం కాగితం మడిచి అంటించి, వాలుగా 0.7 మి.మీ. దూరంలో కత్తెర గాట్లు. చెట్టుకి 24 మట్టలు, మొత్తం 216. రంగు ముందే రెండు వైపులా వేసి ఆరాక కత్తిరించాలి. కత్తిరించాక వేస్తే ఆకులు తడిసి చుట్టుకుపోతాయి, మొదటి చెట్టు అలాగే పాడైంది. సీసా పచ్చరంగు నేరుగా వాడితే ప్లాస్టిక్‌లా ఉంటుంది. నాలుగు పాళ్లకి ఒక పాలు గోపీచందనం రంగు కలపాలి. అడుగున రెండు ఎండు మట్టలు కిందికి వేలాడాలి. కాలువ గట్టు మీది చెట్లు నీటి వైపు ఒరగాలి, నిటారుగా వరసలో నిలబెడితే కోనసీమ కాదు.

వరికి ముందు కాలం నిర్ణయించుకోవాలి, ఎందుకంటే కాలువ రంగు కూడా దాని మీదే ఆధారపడుతుంది. ఇక్కడ సార్వా (వానాకాలపు పంట), నాట్లు పడి మూడు నాలుగు వారాలు. మడిలో నీళ్లుంటాయి, కాలువలో వరద కాలపు ఎర్రనీరు. దాళ్వా (రెండో పంట) కోతల తర్వాతి వేసవి పెట్టుకుంటే కాలువ కట్టేసి ఉంటుంది, అప్పుడు బీటలువారిన అడుగు చూపించాలి. పచ్చటి నీళ్ల పక్కన ఎండు మోళ్లు పెట్టిన మోడళ్లు కనపడుతూనే ఉంటాయి, మన పక్క వాళ్లకి అది చూడగానే తెలిసిపోతుంది.

స్టాటిక్ గ్రాస్ (కరెంటు చార్జితో నిలబెట్టే గడ్డిలాంటి పీచు) మామూలుగా చల్లితే పచ్చిక బయలు అవుతుంది, నాటు కాదు. 15, 20 సెం.మీ. ఎడం నాటు మోడల్లో సుమారు 2 మి.మీ. పళ్ల మధ్య 2 మి.మీ. ఎడమున్న దువ్వెనని చిక్కటి ఫెవికాల్‌లో ముంచి మడి మీద లాగితే వరసలు పడతాయి. వాటి మీద 4 మి.మీ. పీచు. దానికి దోమల బ్యాట్ సర్క్యూట్‌తో చేసిన పరికరం వాడాం. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లో చార్జి మిగులుతుంది, రెండు తీగలూ ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరుతో కలిపాకే ముట్టుకోవాలి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు పీచు నిలబడదు, ముద్దలుగా పడుతుంది. పొడి మధ్యాహ్నం చూసుకుని, పీచుని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి వాడితే నిలబడింది. మడిలో నీటి మెరుపుకి గ్లాసీ వార్నిష్ ముందే వేసి ఆరనివ్వాలి. నాటిన తర్వాత పోస్తే మొక్కల్ని పట్టుకుని పైకి పాకి ఆకులు కూడా మెరుస్తాయి.

కాలువ 1200 × 90 మి.మీ. రెండు మి.మీ. పొరకి 216 మి.లీ. ఎపాక్సీ రెజిన్ పట్టింది. రంగుకి కావిపొడి చిటికెడు. నీళ్లలో కలిపే రంగు (వాటర్ కలర్) ఎక్కువ పోస్తే రెజిన్ గట్టిపడదు. రెండు చివర్లా ప్యాకింగ్ టేపు అడ్డకట్ట, దానికి రెజిన్ అంటదు. డబ్బా మీది నిష్పత్తి తూకానికా, కొలతకా అన్నది చదవాలి, రెండూ ఒకటి కావు. ముసురు రోజున పోసినందువల్ల పైన జిడ్డు పొర వచ్చింది. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, సన్న ఎమరీ కాగితం ఆడించి, రెండో పొర తెరిపి రోజున పోయాలి.

ఫొటోకి ఫోన్‌ని తలకిందులుగా పెట్టాలి. లెన్సు కిందికొచ్చి నేలకి సుమారు 15–20 మి.మీ. ఎత్తులో నిలుస్తుంది. మోడల్లో నిలబడ్డ మనిషి కంటి ఎత్తు 18 మి.మీ. గది లైట్లన్నీ ఆపి ఒకటే దీపం, ఎందుకంటే సూర్యుడు ఒక్కడే. రెండు దీపాలుంటే ప్రతి చెట్టుకీ రెండు నీడలు. ఎల్ఈడీ వెలుగులో ఫొటోకి చారలు పడితే షట్టర్ 1/50 లేదా 1/100కి మార్చాలి. దగ్గర మట్ట స్పష్టంగా ఉంటే దూరపు పట్టా మసకబారుతుంది. అందుకని ఫోన్ స్టాండు మీద కదలకుండా పెట్టి, రెండు సెకన్ల టైమరుతో దగ్గర నుంచి దూరానికి ఫోకస్ జరుపుతూ పది ఫొటోలు తీసి కలపాలి. వెనక తెర చెట్లకి కనీసం 150 మి.మీ. దూరం ఉండాలి, లేదంటే కొబ్బరిమట్ట నీడ ఆకాశం మీద పడుతుంది. డెల్టాలో కొండ లేదు, కాబట్టి తెర మీద నేలా ఆకాశం కలిసే గీత సరిగ్గా లెన్సు ఎత్తులోనే రావాలి. మొదటి తెర మీద అది 60 మి.మీ. ఎత్తులో ఉంది, ఊరంతా గుంటలో ఉన్నట్టు వచ్చింది. ఆ తెర తీసేశాం.

సాటి అభిరుచి ఉన్నవాళ్లకి పంపేటప్పుడు అందమైన ఫొటో ఒక్కటే పంపితే వాళ్ల పనికి అక్కరకి రాదు. స్కేలు బద్ద పక్కన పెట్టినది ఒకటి, నేరుగా పైనుంచి ఒకటి, బోర్డు అడుగున వైర్ల రంగులు తెలిసేలా ఒకటి తప్పనిసరి. కింద మందం, నిష్పత్తి, ఆరిన గంటలు రాయాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోయి కంకర గింజలు కలిసిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

మిగిలిన పనిలో ముందున్నది స్టేషను బోర్డు. పసుపు మీద నలుపు, అక్షరం ఎత్తు 3 మి.మీ. ఇంక్‌జెట్ ప్రింటు వార్నిష్ తగలగానే పాకింది, లేజర్ ప్రింటు నిలిచింది. కానీ లావు ఫాంటులో 'కోటిపల్లి' చివర లకార ఒత్తు పూడిపోయి నల్ల చుక్కలా పడింది. సన్న ఫాంటు, అక్షరాల మధ్య కొంచెం ఎడం, 1200 డీపీఐతో మళ్లీ తీయాలి. అది అయ్యాక రెండో పొర రెజిన్, ఆ తర్వాత మిగతా 120 మట్టలు.