చీటీ లేకుండా ఇవ్వలేను తమ్ముడూ

గుంటూరులో ఆరేళ్లు మెడికల్ షాపులో పనిచేశాను. ఎవరైనా గొంతు తగ్గించి మూత్రంలో మంట అంటే ఇంకేం అడిగేవాణ్ణి కాదు, రెండు యాంటీబయాటిక్‌లు, ఓ అజిత్రోమైసిన్, ఓ సెఫిక్సిమ్, కవర్లో వేసి చేతిలో పెట్టేవాణ్ణి. సెఫిక్సిమ్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టడి మందుల జాబితాలో ఉంది. డాక్టర్ చీటీ చూడాలి, రిజిస్టర్లో పేరు రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. పేర్లు రాసేవాళ్లమే, నోటికొచ్చినవి.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో, ఒక ఫార్మసీలో డిస్పెన్సర్‌ని, అంటే చీటీ చూసి మందులు కట్టిచ్చేవాణ్ణి. పోయిన చలికాలం షాపు మూసే వేళకి ఒక కుర్రాడు వచ్చి, నా బ్యాడ్జి మీద పేరు చదివి, హమ్మయ్య అనుకున్నాడేమో, "అన్నా, రెండు అజిత్రాల్ ఇవ్వండి" అని ఫోన్ చూపించాడు. అజిత్రాల్ అంటే ఆ అజిత్రోమైసినే. హైదరాబాద్ డాక్టర్ వాట్సాప్‌లో పంపిన చీటీ. ఐరోపాలో కొన్ని దేశాల చీటీలు ఇక్కడ చెల్లుతాయి, మనవి చెల్లవు. క్లామీడియా అనే సుఖవ్యాధికి చీటీ లేకుండా ఫార్మసిస్టే అజిత్రోమైసిన్ ఇవ్వొచ్చని 2008లో ఒక వెసులుబాటు వచ్చింది గానీ, అది పరీక్షలో పాజిటివ్ వచ్చి, లక్షణాలేవీ లేనివాళ్లకి. వీడికేమో మూత్రానికి వెళ్తే చాలు మంట.

"మనవాళ్లే కదన్నా, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. వాడి టెన్షన్ అంతా అదే, ఎవరికి తెలుస్తుందో అని. డాక్టర్ దగ్గరికెళ్తే యూనివర్సిటీకి చెప్తారు, వీసా పోతుంది, రూమ్మేట్లకి తెలిస్తే నరసరావుపేట దాకా పాకుతుంది. (ఈ చివరిది మాత్రం నిజమే.) లోపల గదిలో కూర్చోబెట్టి చెప్పాను. సెక్సువల్ హెల్త్ క్లినిక్‌కి వెళ్లు, పరీక్ష, మందు అన్నీ ఉచితం, ఏ వీసా మీద వచ్చావని డబ్బు అడగరు, నువ్వు ఒప్పుకోకుండా నీ జీపీకి, అంటే నీ మామూలు డాక్టర్‌కి కూడా చెప్పరు, నీతో ఉన్న అమ్మాయికి కూడా నీ పేరు బయటపెట్టకుండా వాళ్లే కబురు పంపుతారు. పైగా అజిత్రోమైసిన్‌కి అస్సలు లొంగని గనేరియా, అదీ సుఖవ్యాధే, 2015లో ఈ ఊళ్లోనే బయటపడి గగ్గోలైంది, నీది గనేరియా అయితే ఈ బిళ్లలు దండగ, సెఫ్ట్రియాక్సోన్ ఒక గ్రాము ఇంజక్షన్ కండకి వేస్తారు అన్నాను. ఇంజక్షన్ అనగానే మొహం మాడింది.

గుంటూరులో నేనిచ్చిన బిళ్లలు ఎంతమందికి పనిచేశాయో, ఎంతమంది ఇళ్లకెళ్లి భార్యలకి అంటించారో. తిరిగొచ్చి చెప్పినవాడు ఒక్కడూ లేడు.

మూడు వారాలకి వాడు మళ్లీ వచ్చాడు, పక్కన ఇద్దరు స్నేహితులు. దగ్గు మందు కొని, నన్ను ఎప్పుడూ చూడనట్టు ఇంగ్లీషులో మాట్లాడాడు. నేనూ ఇంగ్లీషులోనే, బ్యాగ్ కావాలా అని అడిగాను.