పదకొండేళ్ల తర్వాత కొత్త ల్యాప్‌టాప్

మొత్తానికి కొనేశా. ఐదేళ్ల నుంచి కొందాం కొందాం అనుకుంటూ, ప్రతిసారీ "ఉన్నది ఇంకా పనిచేస్తోంది కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ ఇప్పుడు నా ఒళ్లో ఉంది, ఈ పోస్ట్ దాని మీదే టైప్ చేస్తున్నా. రెండు వారాలైంది, అయినా పొద్దున్నే మూత తెరిస్తే అదే సంతోషం.

ముందు పాతదాని గురించి చెప్పాలి, ఎందుకంటే అది అంత పని చేసింది. 2014లో కొన్నా. ఇంటెల్ ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, 15.6 అంగుళాల స్క్రీన్. అప్పట్లో అది నాకు చాలా గొప్ప మెషిన్. నాలుగేళ్లయ్యేసరికి ఆన్ చేసి స్నానం చేసొచ్చినా ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉండేది. 2018లో ఎవరో చెబితే హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయించా, ర్యామ్ 8 జీబీ చేయించా. అది కొత్త ల్యాప్‌టాప్ అయిపోయిందంటే నమ్మండి. హార్డ్‌డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దాని మీద హెడ్ కదిలి ఆ ఫైల్ ఎక్కడుందో అక్కడికి వెళ్లాలి, ఎస్ఎస్‌డీలో కదిలే ముక్కే లేదు, తేడా అంతా అక్కడే. మీ పాత మెషిన్‌లో ఇంకా హార్డ్‌డిస్కే ఉంటే మాత్రం కొత్తది కొనే ముందు ఒక్కసారి ఇది చేసి చూడండి, చాలామందికి ఇంకో మూడు నాలుగేళ్లు గడిచిపోతుంది.

నాకైతే ఏడేళ్లు గడిచింది. కానీ ఆ ఏడేళ్లలో ఒక్కొక్కటీ పోతూ వచ్చింది. ముందు ఛార్జర్ పిన్ లూజయింది, దాన్ని ఒక పక్కకి వంచి కింద ఒక పుస్తకం పెడితేనే ఛార్జ్ ఎక్కేది. తర్వాత ట్రాక్‌ప్యాడ్ నొక్కుడు పడటం మానేసింది, దుమ్ము పట్టిందేమో అనుకుని రోజూ తుడిచేవాణ్ణి. ఒకరోజు వెలుతురులో పక్కనుంచి చూస్తే ట్రాక్‌ప్యాడ్ ఒక అంచు పైకి లేచి ఉంది. బ్యాటరీ ఉబ్బిందన్నమాట. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడితే లోపల గ్యాస్ చేరి ఇలా ఉబ్బుతుంది, దాన్ని నొక్కకూడదు, పొడవకూడదు, ఛార్జ్ పెట్టకూడదు, మామూలు చెత్తలో అస్సలు పడేయకూడదు. జాగ్రత్తగా తీయించి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేశా. అప్పట్నుంచి బ్యాటరీ లేకుండా అడాప్టర్ మీదే నడిపించా. అంటే వైరు కొంచెం కదిలితే చాలు, స్క్రీన్ నల్లగా అయిపోయేది, రాసిందంతా పోయేది. రెండు వాక్యాలు రాయడం కంట్రోల్ ఎస్ కొట్టడం, రెండు వాక్యాలు రాయడం కంట్రోల్ ఎస్ కొట్టడం, ఇదే నా రాత అయిపోయింది.

అన్నిటికన్నా బాధ పెట్టింది కీబోర్డులో ఇంగ్లీష్ ఏ (A) కీ. ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు, మనకి ఆ A కీ లేకపోతే ఏమీ లేదు. క అనాలన్నా ఏ కొట్టాలి, కా అనాలంటే రెండుసార్లు కొట్టాలి, ఒక పేజీ రాస్తే ఆ ఒక్క కీ మీద ఎన్ని వందల దెబ్బలు పడతాయో. ముందు దాని మీద అక్షరం చెరిగిపోయింది, తర్వాత ప్లాస్టిక్ మధ్యలో చిన్న గుంట పడింది, ఆఖరికి ఎడమ మూల మీద గట్టిగా నొక్కితేనే పడేది. నా చిటికెన వేలు సాయంత్రానికి లాగేసేది. రాయాలని ఉన్నా ఆ నొక్కుడు తలుచుకుని మూత తెరవని రోజులు చాలా ఉన్నాయి, అది మాత్రం నిజంగా బాధే.

ఇక ఈ కోరిక ఎక్కడ మొదలైందంటే, 2020 నవంబర్‌లో యాపిల్ వాళ్లు ఎం1 చిప్‌తో ఎయిర్ తెచ్చారు, ఆ తర్వాత కొన్నాళ్లకి ఒక ఫ్రెండ్ కొన్నాడు. వాడు పెద్ద వీడియో ఒకటి ఎక్స్‌పోర్ట్ పెట్టి నాతో మాట్లాడుతున్నాడు. నా దగ్గర అదే పని చేస్తే ఫ్యాన్ మోత పక్క గదిలోకి వినిపించేది, వాడిది మాత్రం ఏ చప్పుడూ లేదు. ఆగిపోయిందేమో అనుకున్నా. చెవి దగ్గర పెట్టి విన్నా. "ఫ్యాన్ లేదురా దీంట్లో, ఏం వింటున్నావ్" అన్నాడు. ఆ రోజు పట్టుకుంది నన్ను.

అయినా వెంటనే కొనలేదు, కొనే పరిస్థితీ లేదు. పక్కన కొంచెం కొంచెం దాచుకుంటూ, ఏదో ఒక ఖర్చు వచ్చి అది కరిగిపోతూ, మళ్లీ మొదలుపెడుతూ. 2022లో ఎం2 ఎయిర్ కొత్త డిజైన్‌తో వచ్చింది, అయస్కాంతంతో అతుక్కునే మ్యాగ్‌సేఫ్ ఛార్జింగ్ ఎయిర్‌కి మళ్లీ తెచ్చారు, నా వంగిన పిన్ను చూసుకుంటూ ఆ వీడియోలు ఎన్నిసార్లు చూశానో. కానీ బేస్ మోడల్‌లో 8 జీబీ ర్యామే. వీటిలో ర్యామ్ తర్వాత పెంచుకునే దారి లేదు, కొన్న రోజు ఎంతుంటే చివరిదాకా అంతే. నేను ఒకసారి కొంటే పదేళ్లు వాడే మనిషిని, అందుకే మనసొప్పలేదు. 2024 అక్టోబర్‌లో ఎయిర్ బేస్ మోడల్‌కి కూడా 16 జీబీ చేశారు, 2025 మార్చ్‌లో ఎం4 ఎయిర్ వచ్చింది. ఆగడం మంచిదే అయింది. ఆఖరి తోపుడు పాతదాంట్లో ఉన్న విండోస్ 10 ఇచ్చింది. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ ఆపేశారు, విండోస్ 11కేమో ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషనో ఆ పైనో ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, నాది నాలుగో జనరేషన్. ఇంకేం ఆలోచిస్తాం. 13 అంగుళాల ఎం4, 16 జీబీ, స్టోరేజ్ మాత్రం 512 తీసుకున్నా, 256 ఫోటోలకే సరిపోదు.

బాక్స్ తెరిచి చేతిలోకి తీసుకుంటే 1.24 కిలోలు. పాతదాన్ని రెండు చేతులతో మోసిన అలవాటుకి దీన్ని ఎత్తేటప్పుడు చెయ్యి ఒక్కసారిగా పైకి లేచిపోయింది.

సెటప్ అయ్యాక బ్రౌజర్‌లో లేఖిని (ఇంగ్లీష్ అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే సైట్) తెరిచి నేను కొట్టిన మొదటి మాట జ్ఞాపకం. ఊరికే కొట్టలేదు. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక క్యారెక్టర్‌తో కలిసి వస్తే, ఐఫోన్లలో మ్యాక్‌లలో యాప్‌లు క్రాష్ అయిపోయేవి, గుర్తుందా? అప్డేట్ ఇచ్చి తొందరగానే సరిచేశారు, కానీ మన అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కిన ఆ వారం నేను మర్చిపోలేదు. అందుకే అదే కొట్టి చూశా. చక్కగా వచ్చింది.

వచ్చింది అంటే మామూలుగా రాలేదండీ. పాత స్క్రీన్ 1366×768, దాంట్లో రాష్ట్రం అని రాస్తే కింద వత్తులు రెండూ కలిసి ఒక మసక చుక్కలాగా ఉండేవి, స్త్రీ అని రాస్తే గుడి ఎక్కడో వత్తు ఎక్కడో అలవాటు మీద చదువుకోవడమే. ఇందులో 2560×1664. ట వత్తు ఒంపు, దాని పక్కన ర వత్తు తిరిగిన తీరు, ష పొట్టలో గీత, అన్నీ అచ్చు పుస్తకంలో చూసినట్టు కనిపిస్తున్నాయి. నా పాత పోస్టులే తెరిచి అర్ధరాత్రి దాకా చదువుతూ కూర్చున్నా. ఇంగ్లీష్ చదివేవాళ్లకి ఈ స్క్రీన్ తేడా కొంచెమే అనిపించొచ్చు, తెలుగు చదివేవాళ్లకి మాత్రం చాలా పెద్దది.

చిక్కులూ ఉన్నాయి. నా బ్యాకప్ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో ఉంది, మ్యాక్ దాన్ని చదువుతుంది కానీ దాంట్లోకి రాయనివ్వదు. ఆ సంగతి తెలియక గంటసేపు తల పట్టుకున్నా. మొత్తం ఇటు కాపీ చేసుకుని, డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసి మళ్లీ వేసుకున్నా, ఇప్పుడు రెండు పక్కలా పనిచేస్తోంది. కొత్తగా మారేవాళ్లు ఇది ముందే చూసుకోండి. కంట్రోల్ బదులు కమాండ్ కొట్టడం ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. రెండు వాక్యాలకోసారి సేవ్ కొట్టడం మాత్రం చెయ్యి మానట్లేదు.

పాతదాన్ని పడేయడానికి మనసు రాలేదు. డేటా అంతా తుడిచేసి విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశా, ఛార్జర్ పిన్ రిపేర్ చేయించా, హాయిగా నడుస్తోంది. మా అక్క కూతురు టైపింగ్ నేర్చుకుంటానంటే ఇచ్చేశా. మర్నాడే ఫోన్ చేసింది, "మామయ్యా, ఇక్కడ ఒక కీ మీద ఏమీ రాసి లేదు, అదేంటి?" అని. అది ఏ అమ్మా, ఎడమ మూల మీద గట్టిగా నొక్కు, లేదంటే విడిగా ఒక కీబోర్డు కొనిస్తా అన్నా. వద్దు మామయ్యా, ఇప్పుడు తెలిసిందిగా అంది.