వీధి వేపకొమ్మతో వంటింటి తెడ్లు: ఆరు నెలల పనిపుస్తకం

జూన్ 14

వానలకు ముందు కరెంటు తీగలకు అడ్డు వస్తున్నాయని మా నెల్లూరు వీధిలోని వేపచెట్టు కొమ్మలను ఈ ఉదయం కొట్టివేశారు. ఏటా ఆ కొమ్మలు రోడ్డు పక్కన ఎండి, ఆకులతో సహా అక్కడే తగలబడి, రెండు రోజులపాటు వీధంతా పొగతో నిండుతుంది. ఈసారి ముంజేతి మందమున్న నాలుగు ముక్కలను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. తూకం వేస్తే 6.4 కిలోలు ఉన్నాయి.

దీనికి కారణం మా నైలాన్ అట్లకాడ. పెనం వేడికి దాని అంచు మెత్తబడి, అరిగి, పీచులుగా లేచింది. అరిగిన భాగం మేము తిన్న అట్లలోకి, గిన్నెలు కడిగిన నీళ్లలోకి తప్ప మరెక్కడికీ పోయి ఉండదు. దాని బదులు చెక్క తెడ్డును నేనే చెక్కుకోవాలని నిర్ణయించుకున్నాను. అయితే దీని కోసం ఏ చెట్టునూ కొట్టకూడదని, ఎలాగూ నేలరాలిన కర్రనే వాడాలని నియమం పెట్టుకున్నాను. చెట్టు నరకాలంటే అనుమతి ఉండాలని నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది. ఆ చట్టం లేకపోయినా నా నియమం ఇదే.

పనిముట్లు: చిన్న రంపం, బాడిస, అంగుళం ఉలి, గుంట తీయడానికి వంపు ఉలి, ఆకురాయి.

జూన్ 23

మొదటి ప్రయత్నం పాడైంది. కొమ్మను నిలువునా చీల్చకుండా గుండ్రంగానే ఉంచి చెక్కినందువల్ల, నడిమధ్యనున్న మెత్తని భాగం తెడ్డులోనే మిగిలిపోయి, అక్కడి నుంచి బీట మొదలై గుంట దాకా పాకింది. పైగా ఆరడానికి దానిని డాబా మీద పెట్టాను. ఈ నెలలో వీచే పడమటి గాలికి పైపొర ఒక్క రోజులో ఎండిపోగా లోపలి పచ్చి అలాగే ఉండిపోవడంతో చెక్క పగలక తప్పలేదు.

జూలై 20

ఈసారి మేకు దిగ్గొట్టి కొమ్మను నిలువునా రెండుగా చీల్చి, నడిమి భాగాన్ని పూర్తిగా తొలగించాను. రంపంతో కోస్తే నార అడ్డంగా తెగుతుంది, చీలిస్తే పిడి పొడవునా తెగకుండా సాగుతుంది. సన్నని పిడికి బలం వచ్చేది దానివల్లనే. పచ్చి వేప ఉలికి మెత్తగా లొంగుతుంది కాబట్టి రూపమంతా పచ్చి మీదనే తెచ్చి, కొలతల్లో కొంత మందం ఎక్కువ ఉంచి, వార్తాపత్రికలో చుట్టి గదిలో నీడన పెట్టాను. ఆ రోజు 186 గ్రాములు ఉన్నది ఈ రోజుకు 121 గ్రాములకు వచ్చి, మూడు రోజులుగా మారకుండా నిలిచింది. ఇక చివరి చెక్కుడు మొదలుపెట్టవచ్చు.

ఆగస్టు 10

80, 120, 220 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా నునుపు చేశాను. 220 తరువాత తెడ్డును ఒకసారి తడిపి ఆరనిస్తే నార లేచి నిలబడుతుంది. దానిని మళ్లీ రుద్దితే, రేపు కడిగినప్పుడు గరుకు తేలదు.

నూనె విషయంలో ఎక్కువ సమయం తీసుకున్నాను. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె చెక్కలో గట్టిపడవు. రెండవది కొన్నాళ్లకు కమురు వాసన వేస్తుంది. అవిసె నూనె మాత్రం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరగా మారుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే బాయిల్డ్ రకంలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు కాబట్టి వంటకు పనికివచ్చే అవిసె నూనెనే తెచ్చి, పలుచగా మూడు పూతలు వేసి, ఒక్కొక్క పూతను వారం ఆరనిచ్చాను. ఒక ముఖ్యమైన జాగ్రత్త: అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే అది ఆరుతూ వేడెక్కి తనంతట తానే అంటుకోగలదు. నేను ప్రతిసారి దానిని నీటిలో తడిపి, విడిగా పరచి ఆరవేస్తున్నాను.

సెప్టెంబర్ 21

మా జిల్లాలోని ఉదయగిరికి వెళ్లి వచ్చాను. దుర్గం కింద ఆ ఊరిలో నర్ది, బిక్కి వంటి కర్రలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు (జి.ఐ., అంటే ఆ ఊరి ప్రత్యేకతగా ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలను దేశమంతటా నిషేధించారు. అయినా వాటికి బదులు వాడి పారేసే చెక్క చెంచాలను కొనడం నాకు నచ్చదు. పదేళ్లు నిలిచే ఉదయగిరి గరిటె ఒకటి కొనడమే కర్రకు మర్యాద. చేతికి పని రానివారు అదే చేయాలని నా అభిప్రాయం.

నవంబర్ 16

ఇప్పటి లెక్క: 6.4 కిలోల పచ్చి కర్ర నుంచి మూడు తెడ్లు, రెండు అట్లకాడలు, ఒక పప్పుగుత్తి, ఒక చిన్న కవ్వం వచ్చాయి. అన్నీ కలిపి 410 గ్రాములు. ఆరిన కర్ర బరువులో దాదాపు సగం కార్బన్ ఉంటుంది. 52 గ్రాముల తెడ్డులో మిగిలిన తేమను తీసివేస్తే సుమారు 23 గ్రాముల కార్బన్, అంటే చెట్టు గాలి నుంచి తీసుకున్న 85 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్లు. ఇది చాలా చిన్న సంఖ్య, దీనిని పెద్దది చేసి చెప్పదలచుకోలేదు. కొమ్మ వీధిలో తగలబడకపోవడం, ఇంట్లోకి మరో నైలాన్ వస్తువు రాకపోవడం, ఉన్న తెడ్డు ఏళ్ల తరబడి పనిచేయడం ఇంతకంటే పెద్ద లాభాలు.

పొట్టును కంపోస్టు తొట్టిలో వేస్తున్నాను. చెక్కపొట్టులో నత్రజనికి కొన్ని వందల రెట్లు కార్బన్ ఉంటుంది కాబట్టి అదొక్కటే వేస్తే త్వరగా కుళ్లదు. రెండు దోసిళ్ల కూరగాయల తొక్కలకు ఒక దోసెడు పొట్టు చొప్పున కలిపితే తడి పీల్చుకుని, వాసన లేకుండా మగ్గుతోంది.

డిసెంబర్ 14

వేప వాసన మొదట పాయసానికి అంటింది. తెడ్లను మరిగే నీటిలో రెండుసార్లు ముంచి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించాక తగ్గింది. తెడ్డును సింకులో నానబెట్టకుండా వెంటనే కడిగి, నిలువుగా గాలికి ఆరబెడుతున్నాము. పసుపు మరక పోవడం లేదు, పోనవసరం లేదు.

పక్కింటివారు ప్యాకింగ్ పెట్టె చెక్కలు ఇస్తామన్నారు. వాటి మీద హెచ్.టి. అని ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసినవి, ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినవి. రెండవ రకాన్ని వంటింటికి తీసుకోను. గన్నేరు విషపు మొక్క కాబట్టి దాని కొమ్మను కూడా ముట్టుకోలేదు. గాలివానకు విరిగిన చింతకొమ్మ ఒకటి దొరికింది. దాని చేవ ఉలికి అంత సులభంగా లొంగేలా లేదు. నిన్న చీల్చి, కొసలకు కరిగించిన మైనం పూసి, మంచం కింద పెట్టాను. మొదటి తూకం 1,340 గ్రాములు.