శివారు తూము దాకా

లొల్ల లాకుల దగ్గర ఫొటోలు దిగేవాళ్ళతో రోడ్డు నిండిపోయింది. గోదావరి మధ్య డెల్టా ప్రధాన కాలువ పాయలయ్యేది ఇక్కడే కాబట్టి చూడాల్సిన చోటే, కాదనను. పూతరేకుల ధర విని చెయ్యి వెనక్కి తీసుకుని అమలాపురం బస్సెక్కాను. ఈ నీళ్ళు ఎక్కడ ఆగిపోతాయో చూడాలని నా పట్టుదల.

అమలాపురం నుంచి అల్లవరం వైపు ఆటో. కిరాయి అడిగిన తీరు చూస్తే కువైట్ నుంచి దిగాననుకున్నట్టున్నాడు. దాళ్వా (రబీ) వరి పొట్ట మీదుంది, అంటే వెన్ను ఇంకా బయటికి రాలేదు. పంట బోదె (పొలాలకి నీళ్ళిచ్చే చిన్న కాలువ) వెంబడి నడుస్తుంటే నీళ్ళు మోకాలి లోతు నుంచి చీలమండకి దిగాయి, ఆ తర్వాత ఒట్టి బురదే.

అక్కడ ఒకావిడ పారతో బోదెలో మట్టి ఎత్తిపోస్తోంది. రెండెకరాలు మక్తాకి, అంటే పంటెలా ఉన్నా ఇన్ని బస్తాలిస్తానన్న కౌలుకి, చేస్తోందట. "పైవాళ్ళకి నిద్ర పడితేనేనండి మాకు నీళ్ళు. మగాళ్ళయితే టార్చిలైటేసుకుని రాత్రంతా తూము కాడ కాపలా కాత్తారు. నేనొక్కదాన్నీ ఎలా కాయనండి?" అంది.

లెక్క కట్టి చూస్తే ఆవిడ బాధ అర్థమవుతుంది. తూములోంచి (కాలువ నీళ్ళు బోదెలోకి వదిలే మూతి) ఒక క్యూసెక్కు, అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు, రోజంతా పారితే, దారిలో ఇంకకుండా వస్తే, మడిలో రెండంగుళాల చొప్పున 12 ఎకరాలు తడుస్తాయి. అంటే ఎకరాకి రెండు గంటలు. 40 ఎకరాల ఆయకట్టుకి మూడు రోజుల పైచిలుకు చాలు. కానీ ఎగువ 20 ఎకరాలవాళ్ళు, మళ్ళీ వంతు వస్తుందో రాదోనని నాలుగేసి అంగుళాలు పెట్టేసుకుంటే, ఆ వంతు వాళ్ళ దగ్గరే అయిపోతుంది. పొట్ట దశలో మడి ఎండితే గింజ తాలు పోతుంది. మక్తా బస్తాలు మాత్రం తగ్గవు.

దీనికి మందు లేకపోలేదు. తూము గోడ మీద సాగు చేసేవాళ్ళ పేరు (పట్టాదారు పేరు కాదు), ఎకరాలు, గంటలు రాయాలి. వంతు శివారు నుంచి, అంటే బోదె చివరి పొలాల నుంచి, మొదలుపెట్టాలి. ఇక్కడే చాలా ఊళ్ళు తప్పటడుగు వేస్తాయి: ఎండిన బోదె నిండడానికే గంటలు పడుతుంది. ఆ గంటల్ని శివారు మడి ఖాతాలో వేస్తే వంతు పేరుకే మిగులుతుంది. నీళ్ళు మడి గట్టుకి తగిలినప్పటి నుంచే లెక్కపెట్టాలి. రాత్రి వంతు ఎప్పుడూ ఒకరికే పడకుండా వారం వారం మార్చాలి, ఒంటరి ఆడవాళ్ళకి పక్క మడివాళ్ళని జత చేయాలి. కాలువ కట్టేసిన వేసవిలో పూడిక తీసే పొక్లెయిన్ గట్టు మీద దారి ఉన్నంతవరకే వెళ్తుంది. చివరి బోదె పారతోనే తీయాలి. ఆ పని ఊళ్ళో కూలీలకే ఇస్తే డబ్బులూ వాళ్ళ చేతికే వస్తాయి.

ఇవన్నీ తీర్మానించాల్సింది నీటి వినియోగదారుల సంఘం. 1997 సాగునీటి నిర్వహణ చట్టం ప్రకారం కౌలుదారుడు భూమి రికార్డులో ఉంటే కామందు (భూమి యజమాని) బదులు అతనికే సభ్యత్వం, ఓటు. రికార్డులో ఉంటే! ఇక్కడ కౌళ్ళన్నీ నోటిమాటే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకి ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలే చెల్లుతుంది, దానికీ కామందు సంతకం కావాలి. "సంతకం పెడితే పొలం నీదైపోద్దంటన్నాడండి మా కామందు" అందావిడ. ఆ పత్రం వల్ల యాజమాన్య హక్కుకి ఏమీ కాదని చట్టంలోనే ఉంది. కానీ ఆ మాట కామందుకి చెప్పాల్సింది ఆవిడ కాదు, పత్రం ఇచ్చేవాళ్ళు. ఇక సంఘం ఎన్నిక ఏకగ్రీవమైందని ఊరు సంబరపడితే నాకు అనుమానమే. అరుగు మీద కూర్చున్న నలుగురి మాటే ఏకగ్రీవమా?

ఇంకో సంగతి నీటి చర్చల్లో ఎప్పుడూ వెనకబడేది: మంచినీటి చెరువు. కాలువ కట్టేసేలోపు అది నిండకపోతే, మే నెలలో బిందెలు మోసేది ఆడవాళ్ళే. కట్టేసే తేదీని వరి కోతలు చూసి మాత్రమే కాకుండా చెరువు మట్టం కూడా చూసి ఖాయం చేయాలి.

ఎండే శివారే సార్వాలో (వానాకాలం పంటలో) మునిగేదీ. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క, అది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట, పైగా సముద్రం పోటు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం (ఆ కాలం సాగు మానేయడం) ప్రకటించడానికి గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపూ ఒక కారణం. ఆ విరామంలో కామందుకి ఒక పంట పోయింది, నాట్ల కూలికెళ్ళే ఆడవాళ్ళకి ఆ పంటకాలం కూలంతా పోయింది. డ్రెయిన్ బాగు చేయమని అర్జీ పెట్టేటప్పుడు వాళ్ళ సంతకాలు కూడా తీసుకోమంటే, "వాళ్ళకి పొలం లేదు కదండీ" అన్నాడు టీ కొట్టు దగ్గర సంఘం పెద్దమనిషి.